పెళ్ళి సర్టిఫికెట్ పక్కన ఛాతీ ఎక్స్‌రే

ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న అబ్బాయికి మన వైపు అమ్మాయిని ఇస్తే, పెళ్ళి రిజిస్ట్రేషను అయిన మర్నాటి నుంచి ఫోన్లలో వినిపించే ప్రశ్న ఒకటుంటుంది. “టీబీ టెస్టు అయ్యిందా అమ్మా?” అమ్మాయికి దగ్గు లేదు, జ్వరం లేదు, ఒంట్లో ఏ నలతా లేదు. అయినా భారతదేశంలో ఉంటూ ఆరు నెలలకు మించిన బ్రిటిష్ వీసా కోరే పెద్దవాళ్ళు ఆ ప్రభుత్వం గుర్తించిన క్లినిక్కులోనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని, సర్టిఫికెట్టు దరఖాస్తుకు జత చెయ్యాలి. అదే అమ్మాయి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్తే కాన్సులేటులో ఊపిరితిత్తుల ఊసే రాదు. అమెరికా పౌరుడి భార్యగానో, కాబోయే భార్యగా కె-1 మీదనో వెళ్తే మాత్రం ఇంటర్వ్యూకి ముందే ఆ దేశం గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గర ‘మెడికల్స్’ పూర్తి కావాలి. మనిషి ఒకరే, ఊపిరితిత్తులు అవే. దారిని బట్టి నిబంధన మారిపోతోంది.

దీనికి వైద్యశాస్త్రంలో జవాబు వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం చరిత్రలో ఉంది. నూట ముప్పై ఏళ్ళ ఆ చరిత్రను వెనుదిరిగి చూస్తే నాకు తోచేది ఇది: ఈ నిబంధన బిగుసుకున్నా, సడలినా, క్రిమి స్వభావం కంటే గుమ్మంలో నిలబడినవాళ్ళు ఎవరి మనుషులన్నదే ఎక్కువగా పనిచేసింది.

క్షయ మనకు కొత్తది కాదు. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్ళను పెళ్ళాడి, రోహిణి ఇంట్లోనే ఉండిపోయిన చంద్రుడికి మామగారి శాపంతో తగులుకున్నది ఇదే. మన పురాణం దీన్ని సంసారంలో పక్షపాతానికి శిక్షగా చెప్తే, 19వ శతాబ్దపు ఐరోపా వంశపారంపర్యం అంది, పాడు గాలి అంది, సున్నిత మనస్కుల జబ్బు అంది. అంటుతుందన్న నమ్మకం గట్టిగా లేని ఆ రోజుల్లో డబ్బున్న రోగికి సరిహద్దులు అడ్డు రాలేదు సరికదా, ఎదురొచ్చి పిలిచాయి. స్విట్జర్లాండులోని డావోస్ క్షయ రోగుల మీదే పట్నమైంది. ఇంగ్లీషు రోగులు మదీరా దీవికి, ఫ్రాన్సు దక్షిణ తీరానికి వెళ్ళేవాళ్ళు. సముద్రపు గాలి మంచిదని డాక్టర్లు చెప్తే ఆస్ట్రేలియా దాకా ఓడెక్కినవాళ్ళున్నారు. ఈ మర్యాద 20వ శతాబ్దంలోకీ నడిచింది. కమలా నెహ్రూ చికిత్స కోసం జర్మనీలోని బాడెన్‌వైలర్‌కు, అక్కడి నుంచి స్విట్జర్లాండులోని లొజాన్‌కు వెళ్ళి, 1936 ఫిబ్రవరి 28న అక్కడే కన్నుమూశారు. జబ్బుందని తెలిసే, జబ్బు ఉన్నందుకే, ఆ దేశాలు ఆమెను రానిచ్చాయి. మూడో తరగతి టిక్కెట్టు మీద వచ్చే కూలీ విషయంలో అదే ఊపిరితిత్తి అదే కాలంలో నేరమయింది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించడంతో అంటువ్యాధి అన్న మాటకు రుజువు దొరికింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టాడు. ఈ రెంటికీ నడుమ 1891లో అమెరికా కొత్త వలస చట్టం చేసి, ‘ప్రమాదకరమైన అంటువ్యాధి’ ఉన్నవాళ్ళు దిగడానికి వీల్లేదంది. మరుసటి ఏడు జనవరి 1న న్యూయార్కు రేవులోని ఎలిస్ ఐలండ్ వలస కేంద్రం తెరుచుకుంది.

అక్కడి వైద్య పరీక్ష గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఓడ దిగినవాళ్ళు మూటాముల్లె మోసుకుంటూ మేడ మెట్లెక్కి పెద్ద హాల్లోకి రావాలి. పైన నిలబడ్డ డాక్టర్లు ఎవరు ఆయాసపడుతున్నారో, ఎవరు కుంటుతున్నారో, ఎవరు మెట్టుమెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నారో కనిపెడుతుండేవాళ్ళు. మనిషికి కొన్ని సెకన్లే. అనుమానం తగిలితే కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం పడేది. గుండె జబ్బుకు హెచ్, కంటికి ఇ, ఊపిరితిత్తులకు పి. కోటు తిరగేసి తొడుక్కుని గట్టెక్కినవాళ్ళ కథలు ఆ దీవి జ్ఞాపకాల్లో ఇప్పటికీ ఉన్నాయి. 1907లో ఎలిస్ ఐలండ్ గుండా పది లక్షల మందికి పైగా వచ్చారు. ఆ సంవత్సరమే చట్టంలోకి క్షయ పేరుపెట్టి ఎక్కింది. నిజానికి మెట్ల దగ్గర చూపుతో తొలిదశ క్షయను పట్టడం ఏ ధన్వంతరికీ సాధ్యం కాదు. అంటువ్యాధి పేరుతో వెనక్కి పంపినవాళ్ళలో ఎక్కువమంది కంటి జబ్బు ట్రకోమా ఉన్నవాళ్ళే. చట్టం చేసింది క్షయ కోసం కూడా, పట్టుకోగలిగింది మాత్రం కళ్ళనే.

ఆ చట్టాల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని రెండు సంగతులున్నాయి. ఒకటి డబ్బు సంగతి. రేవులోనే కనిపెట్టగలిగిన జబ్బున్న మనిషిని ఓడ ఎక్కించుకు తెస్తే, 1903 నుంచి కంపెనీకి మనిషికి 100 డాలర్ల జరిమానా, పైగా వెనక్కి తీసుకుపోయే ఖర్చు. దాంతో కంపెనీలు హాంబుర్గ్ వంటి రేవుల్లోనే సొంత డాక్టర్లతో ముందే వడపోత మొదలుపెట్టాయి. బయల్దేరే చోటే పరీక్ష చెయ్యాలన్న నేటి వీసా పద్ధతికి మూలం ప్రజారోగ్యం ఒక్కటే కాదు, ఓడల వాళ్ళ జమాఖర్చు కూడా.

రెండోది భార్యాబిడ్డల సంగతి. స్థిర నివాసం ఏర్పరచుకుని, పౌరసత్వం తీసుకుంటానని పత్రం దాఖలు చేసిన వలసదారు తన భార్యనో, మైనరు బిడ్డలనో పిలిపించుకుంటే, వాళ్ళలో అంటువ్యాధి కనిపించినా వెంటనే తిప్పి పంపకూడదని 1903 చట్టం చెప్పింది. జబ్బు తేలిగ్గా నయమవుతుందా, ఇతరులకు ప్రమాదం లేకుండా దింపవచ్చా అన్నది తేలేదాకా అక్కడే ఉంచాలి. 1907లోనూ ఈ నిబంధన కొనసాగింది. క్షయకు మందే లేని ఆ కాలంలో ఇది ఎంతమందికి కలిసొచ్చి ఉంటుంది అనవచ్చు. కానీ ‘ఫలానా వాడి భార్య’ అనగానే చట్టం గొంతు తగ్గడం అక్కడే మొదలైంది.

అందరి భార్యలకూ తగ్గలేదు. పడమటి తీరంలో 1910లో తెరిచిన ఏంజెల్ ఐలండ్‌లో చైనావాళ్ళను, మన పంజాబీలను ఆపడానికి కొంకిపురుగు మలపరీక్షను ఆయుధం చేసుకున్నారు. మందుతో పోయే పురుగు అది. పట్టేది పురుగునా, మనుషులనా అన్న అనుమానం అప్పటివాళ్ళకే వచ్చింది.

1924 వలస చట్టం తర్వాత, 1925 నుంచి, అమెరికా వైద్య పరీక్షను తన రేవుల నుంచి ఐరోపాలోని కాన్సులేట్లకు మార్చడం మొదలుపెట్టింది. వీసా కాగితం, వైద్యుడి కాగితం జంటగా నడవడం అప్పటి నుంచే. తర్వాత వచ్చిన ప్రపంచయుద్ధం ఈ కథను ఎవరూ ఊహించని మలుపు తిప్పింది.

యుద్ధం ముగిసేసరికి అమెరికా సైనికులు వేల సంఖ్యలో బ్రిటన్‌లో, ఐరోపాలో, ఆస్ట్రేలియాలో పెళ్ళిళ్ళు చేసుకుని ఉన్నారు. భార్యలను తెచ్చుకుంటామని అడుగుతున్నది యుద్ధం గెలిచి వచ్చిన కుర్రాళ్ళు. కాదనే ధైర్యం ఏ కాంగ్రెస్ సభ్యుడికుంటుంది? 1945 డిసెంబర్ 28న వచ్చిన ‘వార్ బ్రైడ్స్ యాక్ట్’ సైనికుల భార్యలకూ భర్తలకూ పిల్లలకూ, 1917 వలస చట్టంలో శారీరక, మానసిక లోపాల పేరుతో ఉన్న నిషేధాలను పక్కన పెట్టేసింది. పరీక్ష మానలేదు. రేవులో దిగగానే చెయ్యాల్సిందే. జబ్బు కనిపిస్తే మాత్రం మనిషిని ఆపరు. ఆమె ఏ ఊరికి వెళ్తోందో ఆ ఊరి ప్రజారోగ్య అధికారికి వెంటనే కబురు పంపాలి. అంతే. 1946 ఫిబ్రవరి 4న ‘అర్జెంటీనా’ అనే ఓడ 452 మంది బ్రిటిష్ పెళ్ళికూతుళ్ళతో న్యూయార్కు చేరింది. ఆ చట్టం కింద మొత్తం లక్షకు పైగా భార్యలూ బిడ్డలూ వచ్చారని అంచనా.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అతి తెలివైన వాక్యం ఆ 1945 చట్టంలోని కబురు పంపే వాక్యమే. పరీక్ష ఉంటుంది, ఫలితం డాక్టరుకు చేరుతుంది, సంసారం నిలుస్తుంది. క్షయకు ఖచ్చితమైన మందుల చికిత్స ఇంకా చేతికి రాని రోజుల్లోనే ఒక ప్రభుత్వం ఇంత నిబ్బరంగా ఉండగలిగిందంటే, ఆ తర్వాతి భయాల్లో ఎంత భాగం వైద్యపరమైనదో ఆలోచించుకోవచ్చు. వంకలేని చట్టమేమీ కాదది. జాతి కారణంగా ప్రవేశార్హత లేని ఆసియా భార్యలకు 1947 సవరణ దాకా ఆ తలుపు తెరుచుకోలేదు.

సైనికుల ఊపు తగ్గగానే పాత బిగింపు తిరిగి వచ్చింది. 1952లో వచ్చిన మెకారన్-వాల్టర్ చట్టం ‘ఏ రూపంలో ఉన్నా సరే’ క్షయ ఉంటే వీసా లేదంది. విడ్డూరమేమిటంటే ఐసోనియాజిడ్ మాత్ర రంగంలోకి దిగింది సరిగ్గా ఆ సంవత్సరమే. అంతకుముందు 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. మందు వచ్చాక తలుపు మూయడం ఎంత అసంగతమో అయిదేళ్ళకు అర్థమైంది. 1957లో అమెరికా పౌరుల, స్థిర నివాసుల భార్యాభర్తలకూ పిల్లలకూ క్షయ ఉన్నా, షరతులతో, పూచీకత్తుతో రానిచ్చే వెసులుబాటు కల్పించారు. 1961లో క్షయ పేరు నిషేధాల వాక్యం నుంచి తొలగి, ‘ప్రమాదకర అంటువ్యాధి’ అనే మాట కింద సర్దుకుంది. దగ్గరి బంధువుల వెసులుబాటు నేటికీ చట్టంలో ఉంది, వాడుకునేవాళ్ళే అరుదు.

ఈ సడలింపు సబబేనన్న పెద్ద రుజువు మన పక్కనే, మద్రాసు చేత్‌పట్‌లో తయారైంది. అప్పటిదాకా క్షయ అంటే శానటోరియమే. మనకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉండేది. 1910ల్లో మిషన్లు కలిసి కట్టిన ఆ శానటోరియానికి డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ పేరు తెచ్చారు. హైదరాబాద్ వైపు వాళ్ళకు అనంతగిరి కొండ ఉండేది. పెళ్ళైన మనిషిని ఏడాది, రెండేళ్ళు అక్కడ ఉంచి, ఇంటివాళ్ళు ఆదివారాలు చూసి రావడం ఆ తరానికి బాగా తెలుసు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. నగరంలోని పేదవాడల నుంచి 193 మంది రోగులను తీసుకుని, కొందరిని శానటోరియంలో చేర్చారు. మిగతావాళ్ళకు మందులిచ్చి ఇంటికే పంపారు. ఒకే గది ఇళ్ళు, చాలీచాలని తిండి, పక్కనే భార్య, పిల్లలు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో మందు మింగినవాళ్ళు శానటోరియంలో ఉన్నవాళ్ళతో దాదాపు సమానంగా కోలుకున్నారు. ఆ తర్వాత అయిదేళ్ళు గమనించినా, వాళ్ళతో కలిసి బతికిన ఇంటివాళ్ళకు అదనపు ముప్పేమీ రాలేదు. మందు పడుతున్న మనిషి పక్కన భార్య ఉండవచ్చు, భర్త ఉండవచ్చు. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడటానికి ఈ ఫలితం ఒక ముఖ్య కారణం.

ఆ ప్రయోగంలో భాగస్వామి అయిన బ్రిటనే, కొన్నేళ్ళకు తన విమానాశ్రయంలో మన మనుషులను ఎలా చూసిందో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

1962 కామన్వెల్త్ వలస చట్టంతో బ్రిటన్ తలుపు సగం మూసింది. ’60ల మధ్య నుంచి హీత్రూలో ఎక్స్‌రే యంత్రాలు వెలిశాయి. భారత్, పాకిస్తాన్ల నుంచి వచ్చేవాళ్ళను వరసలో నిలబెట్టి ఛాతీ ఫొటో తీసేవాళ్ళు. దీన్ని వైద్యం అనుకుందాం. కానీ అదే వైద్యుల గది క్రమంగా వలస అధికారుల అనుమానాలు తీర్చే గదిగా మారింది. తల్లిదండ్రులను చేరుకోవడానికి వచ్చే పిల్లల వయసు తేల్చడానికి ఎముకల ఎక్స్‌రేలు తీశారు. 1979 జనవరిలో హీత్రూలో దిగిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయురాలు బ్రిటన్‌లో ఉన్న వరుణ్ణి పెళ్ళాడటానికి వచ్చింది. ఆమె నిజంగా పెళ్ళికాని మనిషేనా అని తేల్చడానికి మగ డాక్టరుతో ‘కన్యత్వ పరీక్ష’ చేయించారు. ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఆ సంగతి బయటపెట్టడంతో పెద్ద దుమారం లేచింది, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది, ఆ పరీక్ష ఆగింది. ఒక్క ఉదంతమేనని అప్పట్లో సర్దిచెప్పారు. 2011లో పరిశోధకులు ప్రభుత్వ దస్త్రాలు తవ్వితే అలాంటివి కనీసం 80 తేలాయి, అందులో ఎక్కువ మన దేశంలోని బ్రిటిష్ కార్యాలయాల్లోనే జరిగాయి.

ఇది క్షయ కథ కాదు కదా అనవచ్చు. నా లెక్కలో ఇదీ క్షయ కథే. 1945లో భార్య అన్న మాటతో చట్టం మెత్తబడింది. 1979లో అదే మాట అనుమానానికి కారణమైంది. మధ్యలో మారింది పెళ్ళికూతురి ఒంటి రంగు. వీసా కోసం ఛాతీ చూపించమన్నప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ముఖం ముడుచుకుంటే, అది ఒట్టి చాదస్తం కాదు. వైద్య పరీక్షను అవమానంగా వాడుకున్న జ్ఞాపకం ఈ దేశపు ఆడవాళ్ళకుంది.

ఇక 2007 దగ్గరకు వద్దాం. ఆ ఏడు మే నెలలో అమెరికాలోని అట్లాంటాకు చెందిన ఒక న్యాయవాది తన పెళ్ళి కోసం విమానమెక్కి గ్రీసులోని శాంటొరీనీ దీవికి వెళ్ళాడు. మందులకు లొంగని క్షయ ఉందని అతనికి ముందే తెలుసు. అతను ఇటలీలో హనీమూన్‌లో ఉండగా, అది మరింత మొండి రకమని పరీక్షల్లో వచ్చింది, మామూలు విమానం ఎక్కవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఫోన్ చేసి చెప్పింది. అతను ప్రాగ్ నుంచి మాంట్రియల్‌కు విమానంలో వచ్చి, అద్దె కారులో అమెరికా సరిహద్దు దాటాడు. కంప్యూటరు హెచ్చరిస్తున్నా, మనిషి జబ్బుగా కనిపించడం లేదని అధికారి వదిలేశాడు. ఎలిస్ ఐలండ్ మెట్ల దగ్గరి చూపు నూరేళ్ళ తర్వాత కూడా పనిచేస్తూనే ఉందన్నమాట! 1963 తర్వాత తొలిసారిగా కేంద్ర ప్రభుత్వం ఒక మనిషిని వేరుగా ఉంచే ఆదేశం జారీ చేసింది. పెళ్ళికూతురి తండ్రి సీడీసీలోనే క్షయ మీద పనిచేసే సూక్ష్మజీవి శాస్త్రవేత్త కావడం కొసమెరుపు. జూలైలో చేసిన పరీక్షల్లో అది అంత మొండి రకం కాదని తేలింది. వీసా అక్కర్లేని పెళ్ళికొడుకు ఊపిరితిత్తులను ఏ దేశమూ ఆపలేకపోయిన సంవత్సరమది.

వీసా కావలసినవాళ్ళకు నిబంధనలు గట్టిపడింది కూడా ఆ సంవత్సరమే. అంతకుముందు 1991 నాటి పద్ధతిలో ఎక్స్‌రేలో తేడా ఉంటే కఫాన్ని గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసేవాళ్ళు. క్రిములు బాగా ఎక్కువుంటే తప్ప అందులో కనిపించవు. 2007లో సీడీసీ, కఫంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షను తప్పనిసరి చేసింది, చికిత్స మొత్తం ఆరోగ్య సిబ్బంది కళ్ళెదుట మాత్ర మింగే పద్ధతిలో జరగాలంది. 2013కల్లా అన్ని దేశాలకూ ఇది వర్తించింది. కల్చర్‌తో బయటపడిన కేసుల్లో సగానికి పైగా పాత పూత పరీక్షకు అందనివే. శాస్త్రం పరంగా ఇది నిస్సందేహంగా మేలైన మార్పు, కాదనను.

బ్రిటన్ కూడా విమానాశ్రయపు ఎక్స్‌రే పెద్దగా పనికిరాదని గ్రహించి, 2005లో కొన్ని దేశాల్లో ప్రయాణానికి ముందే పరీక్ష మొదలుపెట్టింది. లక్ష మందికి ఏటా 40 కేసులకు మించిన దేశాలన్నిటికీ దాన్ని విస్తరిస్తామని 2012లో ప్రకటించి, 2014కల్లా వందకు పైగా దేశాలకు వర్తింపజేసింది. 2011లో ఇంగ్లండులో 8 వేలకు పైగా ఉన్న కేసులు 2018కి 5 వేల లోపుకు దిగాయి. ఈ తగ్గుదలలో ముందస్తు పరీక్ష వాటా ఉంది గానీ, ఘనతంతా దానిదే కాదు. ఆ తర్వాత కేసులు మళ్ళీ పెరిగాయి కూడా. చాలామంది వలసదారుల్లో జబ్బు బయటపడేది దేశం చేరిన కొన్నేళ్ళకు, లోపల నిద్రపోతున్న క్రిమి లేచినప్పుడు. వీసా రోజున తీసిన ఎక్స్‌రే శుభ్రంగానే ఉంటుంది, అబద్ధమూ చెప్పదు. కాకపోతే అది ఆ రోజుకు మాత్రమే సాక్ష్యం.

అందుకే అమెరికాలో గ్రీన్ కార్డు దశలో రక్త పరీక్ష పెట్టారు. హెచ్-4 మీద ఏ పరీక్షా లేకుండా వెళ్ళిన మన అమ్మాయికి, పదేళ్ళ కాపురం తర్వాత ఇగ్రా అనే ఆ పరీక్షలో ‘పాజిటివ్’ రావచ్చు. చిన్నప్పటి బీసీజీ టీకా దీన్ని ప్రభావితం చెయ్యదు, పాత చర్మ పరీక్షకున్న ఆ చిక్కు దీనికి లేదు. అప్పుడు ఎక్స్‌రే తీస్తారు. అది బాగుంటే క్రిమి నిద్రలో ఉందని అర్థం, కార్డు ఆగదు. ప్రపంచంలో నాలుగో వంతు జనం ఒంట్లో ఈ క్రిమి చేరి ఉందని అంచనా. ప్రపంచపు క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు భారతదేశానివే. అలాంటి చోట పుట్టి పెరిగినవాళ్ళకు పాజిటివ్ రావడంలో సిగ్గుపడాల్సింది ఏముంది?

వీసాకు ముందు తీసిన ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనిపించినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ పరీక్ష అసలు అక్కడ మొదలవుతుంది. మూడు రోజులు వరసగా తెల్లవారి ఏమీ తినకుండా క్లినిక్కుకు వెళ్ళాలి. గాలి ఆడే చోట నిలబడి, సిబ్బంది చూస్తుండగా, లోపలి నుంచి కఫం తీసి డబ్బాలో ఉమ్మాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కఫం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉమ్మి చాలదంటారు, మళ్ళీ దగ్గమంటారు. తర్వాత కల్చర్ కోసం ఎనిమిది వారాల దాకా ఎదురుచూపు. క్షయ క్రిమి మెల్లగా పెరిగే జాతి, దాన్ని ఏ కాన్సులేటూ తొందరపెట్టలేదు. గర్భిణి అయితే మరో చిక్కు. కడుపుకు సీసపు కవచం కప్పి ఎక్స్‌రే తీయించుకోవడమా, ఎక్స్‌రే వద్దనుకుని కఫం దారి పట్టడమా, కాన్పు అయ్యేదాకా ఆగడమా అన్నది ఆమే తేల్చుకోవాలి. బ్రిటిష్ సర్టిఫికెట్టు ఎక్స్‌రే తీసిన రోజు నుంచి ఆరు నెలలే చెల్లుతుంది కనుక, తొందరపడి ముందే తీయించుకుని, జీతం కాగితాలు ఆలస్యమై, మళ్ళీ డబ్బు కట్టి తీయించుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

జబ్బు నిజంగానే ఉందని తేలితే మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత తగ్గిస్తారు. అది ముగిసి, కఫం శుభ్రమని తేలాక వీసా ప్రక్రియ ముందుకు కదులుతుంది. ఆస్ట్రేలియాలో ఇతర జబ్బులకు మినహాయింపు దొరకవచ్చు గానీ, చురుకైన క్షయకు చికిత్స ముగిసేదాకా వీసా లేదు. కెనడా జీవిత భాగస్వాములను వైద్య ఖర్చు భారమన్న కారణంతో కాదనదు, అంటువ్యాధి ప్రమాదం విషయంలో మాత్రం అందరితో సమానమే. ఈ నాలుగు దేశాల్లోనూ తలుపు ఆలస్యంగానైనా తెరుచుకుంటుంది.

గల్ఫ్ అలా కాదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు నుంచి వెళ్ళే లక్షల మందికి తెలిసిన ‘గమ్కా మెడికల్’ అనే వైద్య పరీక్షలో, ఎప్పుడో నయమైపోయిన క్షయ తాలూకు పాత మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా ‘అన్‌ఫిట్’ ముద్ర పడుతుంది. మచ్చ మానిన గాయానికి గుర్తని, అది ఎవరికీ అంటదని అక్కడి డాక్టరుకూ తెలుసు. ఏ వైద్య సూత్రంతో సమర్థిస్తారో నాకు బోధపడదు. కూలీ మనిషి దొరకడం తేలిక, అతని వైద్యం అనవసరపు ఖర్చు అనే లెక్క తప్ప వేరే కారణం కనిపించదు.

నన్నడిగితే వీసాకు ముందు ఎక్స్‌రే పెట్టడం తప్పు కాదు. లక్షణాలు లేకుండానే జబ్బు ముదురుతున్న మనిషికి అది ప్రాణం కాపాడే పరీక్ష. ఆ మనిషి ఎక్కే విమానం కంటే ముందు, ఆ మనిషితో కాపురం చేసేవాళ్ళకు మేలు. తప్పల్లా ఖర్చు, ఆలస్యం, అవమానం మొత్తం దరఖాస్తుదారు మీదే వదిలెయ్యడంలో ఉంది. మందు తీసుకుంటూ ప్రమాదం తప్పిన భార్యను చికిత్స మిగతా భాగం భర్త ఉన్న దేశంలో పూర్తి చేసుకోనివ్వడానికి అభ్యంతరమేమిటి? మద్రాసు 1959లో దీనికి జవాబు చెప్పింది, 1945 చట్టంలో దారి కూడా ఉంది. వార్ బ్రైడ్‌కు ఇచ్చిన నమ్మకం భీమవరం పెళ్ళికూతురికి ఇవ్వడానికి కొత్త శాస్త్రమేమీ కనిపెట్టనక్కర్లేదు.

ఆ మార్పు వచ్చేలోగా మనవాళ్ళు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎప్పుడో టీబీ మందులు వాడి ఉంటే, ఆ చికిత్స కాగితాలు, పాత ఎక్స్‌రేలు పారెయ్యకండి. పాత ఫిల్మ్ పక్కన కొత్త ఫిల్మ్ పెట్టి చూపించగలిగితే డాక్టరు సందేహం సగం తీరుతుంది. మెడికల్స్ ముందు భయపడి ఎవరికీ చెప్పకుండా మందులు మొదలుపెట్టకండి, కల్చర్ ఫలితాలు గందరగోళమై ఆలస్యం రెట్టింపవుతుంది. పాత జబ్బును ఫారంలో దాచకండి. నయమైన క్షయ ఒక్కటే కారణంగా అమెరికా గానీ బ్రిటన్ గానీ భార్యకో భర్తకో వీసా నిరాకరించవు, అబద్ధం చెప్పినందుకు మాత్రం నిరాకరించగలవు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితం. ఇక ఎక్స్‌రేలో మచ్చ కనిపించిందని తెలిసి కోడలిని పుట్టింటికి పంపించే పెద్దలకు ఒక మాట: ఆ అమ్మాయిని ఆపడం వీసా అధికారికే ఆరు నెలల పని, మీరు జీవితాంతం ఆపకండి.